బండి నెత్తిన సోలార్ పలక: గాలి లెక్క, నీడ లెక్క

క్యాంపింగ్ అనగానే మన కాలేజీలో అందరికీ గుర్తొచ్చేది మైపాడు బీచ్‌లో టెంటు, పక్కన బ్లూటూత్ స్పీకర్, రెండో రోజు పొద్దునకల్లా చచ్చిపోయిన ఫోన్లు. మా కోవూరు వైపు ఏడాదిలో నెలల తరబడి క్యాంపింగ్ చేసేవాళ్లు వేరే ఉన్నారు. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే గట్ల మీద ఆగి ఉండే బళ్లు కనిపిస్తాయి. రొయ్యల గుంటల కాపలా. వాళ్లెవరూ దాన్ని క్యాంపింగ్ అనరు, అంతే తేడా.

మా బాబాయ్ వాళ్లలో ఒకడు. ఆయన బొలెరో పైన క్యారియర్ ఉంది. దాని మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్ బిగించే పని ఈ సెలవుల్లో నాకు పడింది. పలకను చూడగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఏందిరా అబ్బయా, హైవే మీద పోతుంటే ఈ అద్దం ఎగిరిపోదు గదా?" అని. ఎంత కరెంటు వస్తుందని అడగలేదు. అడగాల్సిన ప్రశ్న అదే కాబట్టి మనమూ అక్కడినుంచే మొదలుపెడదాం.

100 వాట్ల ప్యానెల్ సుమారు 120 సెంటీమీటర్ల పొడవు, 54 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. వైశాల్యం 0.65 చదరపు మీటర్లు, బరువు ఏడెనిమిది కేజీలు. గాలి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గాలి ఒత్తిడి వస్తుందని ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివాం. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు, ఒత్తిడి దాదాపు 300 పాస్కల్స్. వందకు చేరితే 460. ఇక ఎదురుగాలి గంటకు 30 కిలోమీటర్లు ఉందనుకోండి. మన తీరంలో అదేమీ విడ్డూరం కాదు. అప్పుడు పలకకు తగిలే గాలి 130 కిలోమీటర్ల వేగంతో ఉన్నట్టు, ఒత్తిడి 780 పాస్కల్స్. వేగం 80 నుంచి 130కి పెరిగితే ఒత్తిడి రెండున్నర రెట్లు దాటింది. వర్గం చేసే పని అది.

అయితే పలక గాలికి అడ్డంగా నిలబడి లేదు, పడుకుని ఉంది కదా, దాని మీద అంత బలం ఎందుకు పడుతుంది? ముందు అద్దానికి కొట్టుకున్న గాలి పైకి లేచి, టాప్ ముందు అంచు దగ్గర ఏటవాలుగా వస్తుంది. పలక ముందు అంచు కింద దూరి పైకి ఎత్తుతుంది. లిఫ్ట్ గుణకం 1 అని కాస్త కఠినంగానే తీసుకుంటే 780ని 0.65తో గుణించి 500 న్యూటన్లు. అంటే 50 కేజీల పైచిలుకు బరువును పైకి లాగే బలం, ఎనిమిది కేజీల పలక మీద. "బరువుంది గదా, కదలదులే" అనే మాట ఇక్కడ చెల్లదు. నాలుగు ప్లాస్టిక్ జిప్ టైలతో కట్టి తిరిగే బళ్లు చూశాను. ఎండకు ఆ టైలు పెళుసెక్కుతాయి. ఎన్‌హెచ్ 16 మీద ఒక టై తెగితే ఆ పలక వెనకాల బైక్ మీద వచ్చేవాడి మెడ ఎత్తులో దిగుతుంది.

ఈ సమస్య మనకు కొత్త, మన పక్కనున్న షార్‌లో పాతదే. శ్రీహరికోట నుంచి పోయే ఉపగ్రహాలకు సోలార్ పలకలు మడిచిపెట్టి ఉంటాయి, మీద హీట్ షీల్డ్ తొడుగుతారు. గాలి అయిపోయాకే షీల్డ్ ఊడుతుంది, ఆ తర్వాతే రెక్కలు విప్పుతారు. గాలిలో ఉన్నంతసేపు పలకను దాచాలి అన్నదే అక్కడి సూత్రం. మనం దాచలేం గానీ కొంత తగ్గించగలం. పలకను క్యారియర్ ముందు కడ్డీకి కాస్త వెనక్కి జరపాలి. ముందు అంచు వెనక అంచుకంటే ఒక అర అంగుళం కిందికి ఉండేలా వాషర్లు వేయాలి. ముందు అంచుకు అడ్డంగా ఒక అల్యూమినియం రేకు ముక్కను వంచి పెడితే గాలి కిందికి దూరకుండా పైనుంచి పోతుంది.

బిగింపు విషయంలో నా అభిప్రాయం ఒకటే: బోల్టు గురించి బెంగ వద్దు, బోల్టు పట్టుకున్న దాని గురించి బెంగపెట్టుకోవాలి. ఎమ్8 స్టీలు బోల్టు ఒక్కటే టన్ను బరువు మోస్తుంది. విరిగేది అది కాదు. పలక చుట్టూ ఉండే పల్చని అల్యూమినియం ఫ్రేమ్ చిరుగుతుంది, లేదా క్యారియర్ మొత్తం బండి నుంచి ఊడొస్తుంది. అందుకే ముందు క్యారియర్ కాళ్లు పట్టుకుని బండి మొత్తం ఊగేలా లాగి చూడాలి. ఫ్రేమ్‌కు కంపెనీ ఇచ్చిన రంధ్రాలు పొడవు వైపు నాలుగు ఉంటాయి, వాటినే వాడాలి. కొత్తగా డ్రిల్ వేస్తే గాజు పగలొచ్చు, వారంటీ ఎటూ పోతుంది. రంధ్రం దగ్గర వెడల్పాటి వాషర్ వేస్తే బలం ఒక్క చోట కాకుండా నలుగుతుంది. నట్టు మాత్రం నైలాన్ ఉన్నదే, గట్ల మీద కుదుపులకు మామూలు నట్టు వారంలో వదులవుతుంది. ఇవన్నీ అయ్యాక ఫ్రేమ్ నుంచి క్యారియర్‌కు ఒక సన్న స్టీలు తాడు వేశాం. దాని ఖర్చు టీ, సమోసా అంత. నాలుగు బోల్టులూ ఒక్కసారే మోసం చేసినా పలక రోడ్డు మీద పడదు.

టాప్‌కు డ్రిల్ వేయకూడదని వేరే చెప్పాలా? ఒక్క రంధ్రం, రెండు వర్షాకాలాలు, అంతే, లోపలి నుంచి తుప్పు. చట్టం సంగతి కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ చెప్పిన దానికి భిన్నంగా మారేలా బండిని మార్చొద్దంటుంది. కాబట్టి స్పానర్‌తో పదినిమిషాల్లో ఊడదీసేలా ఉండటం అన్ని విధాలా మేలు. టాప్ ఎంత బరువు మోస్తుందో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. క్యారియర్ బరువు కూడా ఆ లెక్కలోకే వస్తుందని చాలామంది మరిచిపోతారు.

ఇప్పుడు నీడ. నాకు ఈ పని మొత్తంలో బాగా నచ్చిన భాగం ఇదే.

12 వోల్టుల పలకలో 36 సెల్స్ ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉంటాయి. కరెంటు అన్నిటిలోంచీ ఒక్కటే పారాలి. ఒక సెల్ మీద సరుగుడు కొమ్మ నీడ పడితే, కాలువలో ఒక చోట అడ్డుకట్ట వేసినట్టు, మొత్తం కరెంటు ఆ సెల్ ఇచ్చినంతకే దిగిపోతుంది. దీనికి విరుగుడుగా బైపాస్ డయోడ్లు ఉంటాయి, 18 సెల్స్‌కు ఒకటి. అవి ఆ సగాన్ని పక్కకు తప్పిస్తాయి. పుస్తకంలో ఇక్కడ ఆగిపోతాం: సగం పోయింది, సగం మిగిలింది అని. కానీ మిగిలిన సగం ఇచ్చే వోల్టేజీ తొమ్మిది. బ్యాటరీది పన్నెండున్నర. తొమ్మిది వోల్టులతో పన్నెండున్నర బ్యాటరీని మామూలు కంట్రోలర్ ఛార్జ్ చేయలేదు. అంటే అరచేయంత నీడకు పోయేది సగం కాదు, దాదాపు అంతా.

ఆ నీడ చెట్టుదే కానక్కర్లేదు. క్యారియర్ పక్క కడ్డీలు పలకకంటే ఎత్తుగా ఉంటే ఉదయం, సాయంత్రం వాటి నీడే అంచు సెల్స్ మీద పొడవునా పడుతుంది. పక్కన పెట్టిన స్టెప్నీ టైరు, డ్రమ్ము, ఎఫ్ఎం ఏరియల్ కూడా అంతే. మేము పలకను పక్క కడ్డీలకు సమానంగా పైకి ఎత్తాం. దీనివల్ల ఇంకో లాభం, కింద మూడంగుళాల ఖాళీ దొరికింది. మే నెలలో నెల్లూరు ఎండ 42 డిగ్రీలుంటే సెల్స్ 70 దాకా వేడెక్కుతాయి. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ దాదాపు 0.4 శాతం పవర్ పోతుంది. 45 డిగ్రీలకు 18 శాతం. పలకను రేకుకు అంటించేస్తే ఇంకా ఎక్కువ. కింద గాలి ఆడితే పలకకూ ఊపిరి ఆడుతుంది.

సూర్యుడి వైపు వంచాలా అని మా క్లాస్‌మేట్ ఒకడు అడిగాడు. యూరప్ వీడియోల్లో వంచుతారు, నిజమే. కోవూరు అక్షాంశం 14.5 డిగ్రీలు. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. జూన్‌లో తొమ్మిది డిగ్రీలు ఉత్తరానికి జరుగుతాడు. డిసెంబర్‌లో మాత్రం 38 డిగ్రీలు దక్షిణానికి. అప్పుడు పడుకోబెట్టిన పలక మధ్యాహ్నం 21 శాతం పోగొట్టుకుంటుంది, మార్చిలో అయితే మూడే. ఆ డిసెంబర్ లాభం కోసం మడత కాళ్లు పెట్టి, ఒక రోజు వాటిని దించడం మరిచి బండి తోలడం కంటే, పడుకోబెట్టి ఉంచడమే నయం.

మిగిలిన పెద్ద చిక్కు సరుగుడు తోపుది. మనిషికి నీడ కావాలి, పలకకు ఎండ కావాలి, రెండూ ఒకే బండి. బీచ్ ట్రిప్పులకు వెళ్లేవాళ్లకు నా సలహా, పలకను బండికి బిగించకండి. నేల మీద పెట్టుకునే మడత పలక కొనండి, బండి నీడలో ఆపి పది మీటర్ల వైరు లాగండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరైతే ఐదున్నర ఆంపియర్లకు ముప్పావు వోల్టు పోతుంది, నాలుగు మిల్లీమీటర్లదైతే అర వోల్టు లోపే. బాబాయ్‌ది వేరే సంగతి. గట్టు మీద చెట్టే లేదు, నేల మీద పెడితే తెల్లారేసరికి పలక ఉంటుందన్న నమ్మకమూ లేదు.

ఆయనకు రాత్రికి కావల్సిందేమిటంటే: 20 వాట్ల డీసీ ఫ్యాన్ తొమ్మిది గంటలు, ఎందుకంటే దోమలు. ఏడు వాట్ల లైటు పది గంటలు. రెండు ఫోన్లు, ఒక టార్చి. కలిపితే 305 వాట్ అవర్లు. వేడి, దుమ్ము, వైర్లు తిన్నది పోను పలక రోజుకు 340 దాకా ఇస్తుంది, అంటే మూడో వంతు యూనిట్. అక్టోబర్, నవంబర్‌లో అల్పపీడనం పడితే అదీ రాదు. అందుకని రెండు రాత్రులకు సరిపడా 50 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకున్నాం, 640 వాట్ అవర్లు. సాదా లెడ్ ఆసిడ్‌ను సగానికి మించి వాడితే తొందరగా పాడవుతుంది కాబట్టి అదే పనికి 100 ఆంపియర్ అవర్లది కావాలి, దాని బరువు ముప్పై కేజీల దాకా. ఏదైనా సరే బండి స్టార్టింగ్ బ్యాటరీకి మాత్రం దీన్ని కలపొద్దు. తెల్లవారుజామున బండి స్టార్ట్ కాకపోతే ఫ్యాన్ గాలి ఎందుకు?

ఫోన్లను ఈ లెక్కలో చివర రాశాను గానీ అసలు విషయం అవే. గుంటలో ఆక్సిజన్ తెల్లవారుజామునే బాగా పడిపోతుంది. ఆ గంటల్లో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే రొయ్యలు నీటిపైకి తేలతాయి. అప్పుడు జనరేటర్ మనిషికి ఫోన్ కలవాలి. "అయితే ఈ పలకతో ఏరియేటరే తిప్పొచ్చు గదరా?" అన్నాడు బాబాయ్. ఒక్క హెచ్‌పీ మోటారంటే 746 వాట్లు, బాబాయ్. అదీ రాత్రి. ఈ పలక పని ఆ ఒక్క ఫోన్ కాల్‌ను బతికించడం వరకే.

వైరింగ్‌లో రెండు మాటలు. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ కలపాలి, తర్వాతే పలక. ఊడదీసేటప్పుడు తిరగేసి. బ్యాటరీ ప్లస్‌కు వీలైనంత దగ్గర్లో ఫ్యూజ్ ఉండాలి, ఎందుకంటే షార్ట్ అయితే ఆ వైరును కాల్చేది పలక ఇచ్చే ఐదున్నర ఆంపియర్లు కాదు, బ్యాటరీ ఇచ్చే వందలు. వైరు వెనక డోర్ రబ్బరు దగ్గర లోపలికి వస్తుంది. వచ్చే ముందు అది కిందికి ఒక వంపు తిరగాలి, లేకపోతే వాన చుక్క దాని వెంటే లోపలికి నడిచొస్తుంది.

ఇక ఉప్పు. అల్యూమినియం ఫ్రేమ్, స్టీలు బోల్టు, మధ్యలో సముద్రపు తడి, ఇది బ్యాటరీ లాంటిదే, తినబడేది అల్యూమినియం. రెండిటి మధ్య నైలాన్ వాషర్ వేసి విడదీశాం. తీరంలో 304 రకం స్టెయిన్‌లెస్ కంటే 316 మెరుగు, కాస్త ఖరీదు. గాజు మీద ఉప్పు పొర, కొంగల రెట్టలు వారానికోసారి మంచినీళ్లతో కడగాలి, అదీ పొద్దున్నే. మిట్టమధ్యాహ్నం కాలిన గాజు మీద చన్నీళ్లు పోయకూడదు. బోల్టులు బిగించగానే నట్టు మీంచి ఫ్రేమ్ దాకా పెయింట్ మార్కర్‌తో ఒక తెల్లగీత గీశాం. గీత రెండు ముక్కలుగా కనిపించిందంటే నట్టు తిరిగిందన్నమాట. డీజిల్ కొట్టించుకునేటప్పుడల్లా బాబాయ్ మెట్టెక్కి ఆ నాలుగు గీతలూ చూసి దిగుతున్నాడు.