మంచు కోసం వెళ్తే వాన ఎదురైంది

ప్రశ్న: జానపద పాట చిత్రీకరణకు మా మిత్రులం లంబసింగి వెళ్లాం. తెల్లారేసరికి వాన. పైగా స్పీకర్ మొరాయించింది. ఒక్క షాటూ తీయకుండా తిరిగొచ్చాం. ఈసారి ఏం జాగ్రత్త పడాలి?

జవాబు: మిమ్మల్ని ముంచింది వాన కాదు, స్పీకర్. పాట వినపడకపోతే పెదవులు కలవవు. కారు తలుపులు బార్లా తెరిచి, ఫోన్‌ను స్టీరియోకి కలిపి ఉంటే పనైపోయేది. మేమూ ఓసారి ఆటోలోని పాటల పెట్టెతోనే రోజంతా లాక్కొచ్చాం, డ్రైవర్ గొణుగుతున్నా!

స్లో మోషన్ ఉంటే ఇంటి దగ్గరే సిద్ధపడాలి. సెకనుకు 48 ఫ్రేములు తీసి 24లో చూపిస్తే కదలిక సగానికి తగ్గుతుంది. కాబట్టి పాటను రెట్టింపు వేగంతో పెట్టి పాడించాలి. ఆ ఫైల్ ముందే ఫోన్‌లో ఉంచుకోండి. కొండ మీద సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

వాన పడితే పల్లవిని టీకొట్టు రేకుల కిందికి మార్చేయండి. ఆరుబయట చినుకులు కెమెరాకు చిక్కాలంటే వెలుతురు వాటి వెనక నుంచి రావాలి. ఒక షాట్‌లో తడిసిన జుట్టు తర్వాతి షాట్‌లో ఆరిపోతే నవ్వులపాలే. అందుకని చరణమంతా ఒకే వాతావరణంలో తీయండి. చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, విడి బ్యాటరీలను చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి.