జైలు గోడ - రక్తం ద్వారా వచ్చే రోగాలు

చిత్తూరులో రైలెక్కితే కాట్పాడి ఎంతో దూరం లేదు. 1986 ఫిబ్రవరిలో మద్రాసు వైద్య విద్యార్థిని డాక్టర్ నిర్మల రక్తపు నమూనాలతో అక్కడ దిగి వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి వెళ్ళారు. మన దేశంలో హెచ్.ఐ.వి. మొదట బయటపడింది ఆ నమూనాలలోనే. ఆ రక్తం ఎవరిది? మద్రాసులో పోలీసులు పట్టి నిర్బంధ గృహంలో ఉంచిన స్త్రీలది. ఏ పరీక్ష కోసం తీస్తున్నారో వారికి తెలియదు.

తర్వాత జరిగింది మరీ విచారకరం. శిక్షాకాలం ముగిసినా, క్రిమి ఉన్నదన్న కారణాన కొందరిని లోపలే ఉంచేశారు. సంగతి హైకోర్టుకెక్కాక, 1990లో గానీ వారికి విడుదల దొరకలేదు. మనిషికి తాళం వేస్తే క్రిమికీ తాళం పడుతుందనుకున్నారు కాబోలు!

అసలు ఈ క్రిములు ఎలా వ్యాపిస్తాయి? పక్కన పడుకుంటే రావు, ఒకే కంచంలో తింటే రావు, దోమ కుడితే రావు. ఒకరి రక్తం మరొకరి రక్తంలో కలవాలి. జైల్లో అందుకు దారులు చాలా ఉన్నాయి. పదిమందికి ఒకే బ్లేడు, చాటుగా పొడుచుకునే పచ్చబొట్టు సూది, మత్తుమందు ఎక్కించుకునే సిరంజి. లైంగిక సంబంధాల మాట సరేసరి, ఒప్పుకోవడానికే అందరికీ మొహమాటం. హెపటైటిస్-బి క్రిమి అయితే ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం వారం రోజులు బతుకుతుంది. బ్లేడును నీళ్ళతో కడిగేస్తే చాలుననుకోవడం వట్టి భ్రమ.

కాబట్టి మనిషికో బ్లేడు, ప్రతి ఇంజక్షనుకూ కొత్త సూది, అడిగినవారికి నిరోధ్ ఇవ్వాలి. పరీక్ష చెప్పి చెయ్యాలి, ఫలితం గోప్యంగా ఉంచాలి. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం నివారణ, పరీక్ష, చికిత్స ఖైదీకీ హక్కే. హెపటైటిస్-సి చాలామందికి మూడు నెలల మాత్రలతో నయమవుతున్నది.

హెపటైటిస్-బికి టీకా ఉంది. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ స్వదేశీ టీకా తెచ్చాక ధర బాగా దిగింది. చిక్కల్లా ఒకటే. మూడు మోతాదులు ఆరు నెలలలో వెయ్యాలి, రిమాండు ఖైదీ ఏమో ఇరవై రోజులకే బెయిలు మీద ఊరికి పోతాడు. మొదటిది జైల్లో వేసి, మిగతావి ఎప్పుడో చీటీ మీద రాసి, తిరుపతి రుయా ఆసుపత్రికో వాళ్ళ ఊరి దగ్గరి ప్రభుత్వాసుపత్రికో పంపవచ్చు. ఆ చీటీ మీద జైలు ముద్ర మాత్రం ఉండకూడదు. ఉంటే అతడు దాన్ని బయట ఎవరికీ చూపించడు.