ఆపరేషన్‌లో రక్తం ఎక్కించడం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రోగులు తరచూ అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాల్లో ‘యూనిట్’ అంటే దాత రక్తం నుంచి వేరుచేసిన ఎర్ర రక్తకణాల సంచి. ‘హెచ్‌బీ’ అంటే డెసిలీటరు రక్తంలోని హిమోగ్లోబిన్ గ్రాములు. ‘సమ్మతి’ అంటే విషయం తెలుసుకొని రోగి రాతపూర్వకంగా ఇచ్చే అంగీకారం.

1. హెచ్‌బీ 9 ఉంది. ఆపరేషన్‌కు ముందు రక్తం ఎక్కించాల్సిందేనా?

ఆ అంకె ఒక్కటే చాలదు. 10 కంటే తగ్గితే ఎక్కించాలన్న మాట 1942 నాటిది. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, నిలకడగా ఉన్న పెద్దవారికి హెచ్‌బీ 7 కంటే తగ్గినప్పుడు యూనిట్ గురించి ఆలోచిస్తారు. గుండె ఆపరేషన్‌కు ఆ హద్దు 7.5, ఎముకల ఆపరేషన్‌కు, ముందే గుండెజబ్బు ఉన్నవారికి 8. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన 2,016 మందిపై 2011లో వెలువడిన అధ్యయనంలో, హెచ్‌బీ 10 కంటే తగ్గగానే ఎక్కించినవారికీ 8 దాకా ఆగినవారికీ మరణాల్లో, తిరిగి నడవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మినహాయింపులు ఉన్నాయి. ఆగని రక్తస్రావం, ఛాతీ నొప్పి, బీపీ పడిపోవడం, తాజా గుండెపోటు ఉంటే ఈ హద్దులు వర్తించవు. రక్తం వేగంగా పోతున్న తొలి గంటల్లో హెచ్‌బీ పైకి బాగానే కనిపించవచ్చు. అప్పుడు రిపోర్టు చూపి డాక్టర్‌ను ఆపకండి.

2. ఎన్ని యూనిట్లు?

ఒక యూనిట్‌తో పెద్దవారిలో హెచ్‌బీ సుమారు 1 పెరుగుతుంది. రక్తస్రావం లేని రోగికి ఒక యూనిట్ ఎక్కించి, మళ్లీ పరీక్షించాకే రెండోది. ‘రెండు తెచ్చి పెట్టుకోండి’ అంటే కారణం అడగవచ్చు.

3. ఆపరేషన్ తేదీకి ఇంకా నెల ఉంది. ఏం చేయాలి?

రక్తహీనతకు కారణం తేల్చమని అడగండి. బీడీలు చుట్టే ఎందరో అక్కాచెల్లెళ్లు గర్భసంచి ఆపరేషన్ నాటికి నెలల తరబడి రక్తం పోగొట్టుకొని ఉంటారు. లోపం ఐరన్‌దైతే మాత్రలతోనో సూదితోనో వారాల్లో హెచ్‌బీ పెంచవచ్చు. అత్యవసరం కాని ఆపరేషన్‌ను అందుకోసం వాయిదా వేయమని కోరడం తప్పు కాదు.

4. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో ‘సరే’ అన్నాడు. సరిపోతుందా?

రోగి మేజరై, స్పృహలో ఉండి, అర్థం చేసుకోగలిగితే సరిపోదు. సమ్మతి రోగిదే. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2007 ప్రమాణాల ప్రకారం యూనిట్ అవసరం, ప్రత్యామ్నాయాలు, ఎక్కిస్తే, ఎక్కించకపోతే వచ్చే ప్రమాదాలు ముందుగా చెప్పాలి. ఆ తర్వాతే రోగికి బాగా అర్థమయ్యే భాషలో సమ్మతి తీసుకోవాలి. అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఖాళీలు పూరించని ఇంగ్లిష్ ఫారం ఇస్తే, తెలుగులో చదివించుకొని, ఖాళీలు నింపించాకే సంతకం చేయండి. అత్యవసరం లేనప్పుడు, తాత్కాలికంగా మత్తులో ఉన్న మేజర్ రోగి తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మైనర్‌కు, స్పృహ లేనివారికి దగ్గరి బంధువు సంతకం చేయవచ్చు. ప్రాణాపాయంలో ఎవరూ అందుబాటులో లేకపోతే, మంచి ఉద్దేశంతో చేసిన చికిత్సకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 30 రక్షణ ఇస్తుంది.

5. దాతను తెమ్మంటున్నారు, డబ్బూ అడుగుతున్నారు.

రక్తం అమ్మకూడదు, ప్రాసెసింగ్ ఛార్జీ మాత్రమే తీసుకోవచ్చు. 2022 నిర్ణయం ప్రకారం ప్రైవేటు బ్లడ్ బ్యాంకులో యూనిట్‌కు హద్దు 1,550 రూపాయలు. ప్రత్యేక పరీక్షలకు అదనం ఉండవచ్చు. రసీదు తీసుకోండి. బదులు దాతల పద్ధతిని క్రమంగా మానేయాలని 2002 జాతీయ రక్త విధానమే చెప్పింది.

6. ఎక్కించేటప్పుడు ఏం చూడాలి?

సంచి మీద పేరు, గ్రూపు, యూనిట్ నంబరు, గడువు తేదీ రోగి వివరాలతో సరిపోవాలి. ఫ్రిజ్ నుంచి తీశాక 30 నిమిషాల్లో మొదలుపెట్టాలి, 4 గంటల్లో ముగించాలి. చలి, దద్దుర్లు, నడుము నొప్పి, ఆయాసం కనిపిస్తే వెంటనే సిస్టర్‌ను పిలిచి ఆపించండి. సంచి పారేయనివ్వకండి.

7. తప్పు జరిగిందనుకుంటే?

కేసు షీటు కాపీలకు రాతపూర్వకంగా అడగండి. 2002 వైద్య నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. రికార్డులు 3 ఏళ్లే భద్రపరచాల్సి ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకండి. డబ్బు చెల్లించి పొందిన సేవపై జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు, కారణం ఏర్పడిన నాటి నుంచి గడువు 2 ఏళ్లు. అది దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపాలి. దాన్ని అంగీకరించాలా వద్దా అన్నది కమిషన్ ఇష్టం.