రక్తం ఇచ్చాం, ఫలితమేదీ?

డాక్టరు గారూ, మాది ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల ఊరు. ఏ యూనివర్సిటీ వాళ్లొచ్చినా మా దగ్గరి కిడ్నీ జబ్బు మీద పరిశోధనంటూ రక్తం, మూత్రం, బోరు నీళ్లు పట్టుకుపోతారు. ఇంతకీ ఏటి తేలింది? ఇచ్చినోళ్ల దగ్గరే మళ్లీ ఎందుకు తీస్తారు?
– ఓ రైతు, కవిటి మండలం

మీ విసుగులో న్యాయముంది. ముందు రెండో ప్రశ్న. ఎండలో పనిచేసి నీళ్లు తాగకపోతే, కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్ రక్తంలో తాత్కాలికంగా పెరగొచ్చు. అందుకే మూడు నెలలు దాటాక కూడా పరీక్షల్లో తేడా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బంటారు. పైగా ఒక్కసారి చేసే సర్వే ఎంతమందికి జబ్బుందో చెబుతుంది గానీ ఎందుకొచ్చిందో చెప్పలేదు. అది తేలాలంటే ఇవాళ ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్లతరబడి గమనిస్తూ ఉండాలి. వాళ్లలో ఎవరు జబ్బుపడ్డారు, ఏ నీళ్లు తాగారు, ఏ పని చేశారు, ఏ మాత్రలు మింగారు అన్నది సరిచూడాలి. ఒక పీహెచ్‌డీ గడువులోనో గ్రాంటు గడువులోనో ముగిసే పని కాదది. తొందరగా తెమిలే సర్వేలే ఎక్కువ జరగడానికి కారణం అదేనని నా అనుమానం.

తేలింది కొంత ఉంది. 2019లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఉద్దానం పెద్దవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బుంది. వాళ్లలో చాలామందికి షుగరూ లేదు, బీపీ కూడా లేదు.

ఈసారి ఎవరైనా వస్తే సంతకానికి ముందు తెలుగులో వివరమంతా చెప్పమనండి. సమ్మతి పత్రం కాపీ, మీ రిపోర్టు అడిగి తీసుకోండి. ఇష్టం లేకపోతే మధ్యలో మానుకోవచ్చు. అందువల్ల మీ వైద్యం ఆగకూడదు.

నీళ్లే కారణం కదా? కాకపోతే హిరమండలం నుంచి అంత ఖర్చుపెట్టి మంచినీళ్ల పైపులైను ఎందుకేస్తారు?
– ఓ ఉపాధ్యాయుడు, సోంపేట

మంచినీళ్లివ్వడానికి రుజువులు అక్కర్లేదు. వాటి మంచి వాటికుంది. కానీ సిలికా, భారలోహాలు, పురుగుమందులు అన్నీ పరీక్షించారు, ఏ ఒక్కదాన్నీ దోషిగా నిలబెట్టలేకపోయారు. శ్రీలంకలో అనురాధపురం వైపు వరి రైతులకూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. చెరకు తోటల్లో పరిశోధకుల అనుమానం ఎక్కువగా ఎండ మీద. నీడ, నీళ్లు, మధ్యమధ్య విశ్రాంతి సరిగ్గా అందినచోట కిడ్నీలకు తగిలే దెబ్బ తగ్గినట్టు చూశారు. కనుక కారణం తేలేదాకా ఆగనక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం పని తగ్గించండి, నీళ్ల సీసా తోటకు పట్టుకెళ్లండి. సాయంత్రం ఒళ్లునొప్పులని ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్‌ మాత్రలు రోజూ మింగకండి. ఇప్పటికే జబ్బున్నవాళ్లు మాత్రం నీళ్లు ఎంత తాగాలో డాక్టరు చెప్పినట్టే చేయాలి.

మా ఊరి పేరు వింటే పెళ్లి సంబంధాలు వెనక్కిపోతున్నాయి. ఈ కిడ్నీ జబ్బు అంటుకుంటుందా?
– ఓ తల్లి, వజ్రపుకొత్తూరు

అంటుకోదమ్మా. ఒక కంచంలో తిన్నా, ఒక ఇంట్లో ఉన్నా రాదు. కొన్ని కుటుంబాల్లో ఇద్దరు ముగ్గురికి వస్తున్న మాట నిజమే. అది రక్తసంబంధం వల్లో, అందరూ ఒకే నీళ్లు తాగి ఒకే తోటలో పనిచేయడం వల్లో ఇంకా విడదీయలేదు. ఊరి పేరు చూసి పిల్లాడికి జబ్బుందనడం మాత్రం అన్యాయం. కిడ్నీ పని సగం దెబ్బతిన్నాక గానీ చాలామందిలో క్రియాటినిన్ పెరగదు కాబట్టి, దాంతోపాటు మూత్రంలో అల్బుమిన్ పరీక్ష కూడా చేయించండి. ఇంట్లో ఎవరికైనా జబ్బుంటే మిగతావాళ్లంతా ఏడాదికోసారి ఈ రెండూ చేయించుకోవాలి.