కంటికి సరిపోతే చాలదు - రేఖాగణితం, హస్తకళ నేర్పే పాఠం

దివ్య ఖుర్ఆన్‌లోని సబా సూరాలో హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) ప్రస్తావన వస్తుంది. అల్లాహ్ ఆయనకు రాజ్యాన్ని, ప్రవక్త పదవిని ప్రసాదించాడు. దాంతోపాటు ఒక చేతిపనిని కూడా నేర్పాడు. ఇనుమును ఆయన కోసం మెత్తబరచి, కవచాలు తయారు చేయమని ఆదేశించాడు. అంతటితో ఊరుకోలేదు. కవచపు కడియాలను సరైన కొలత ప్రకారం అమర్చాలని కూడా చెప్పాడు. కడియం పెద్దదైతే బాణపు మొన దూరిపోతుంది. చిన్నదైతే కవచం తొడిగినవాడు చెయ్యి కదపలేడు. కొలత తప్పితే ప్రాణానికే ముప్పు.

హజ్రత్ దావూద్ తన చేతి కష్టంతో సంపాదించినదే తినేవారని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. ఈ రెండు విషయాలను కలిపి ఆలోచిస్తే మనకు ఒక స్పష్టమైన సత్యం బోధపడుతుంది. చేతిపనికి గౌరవం ఉంది. ఆ పనికి ఒక కొలత కూడా ఉంది.

అయితే నేడు మన ఇళ్ళలో జరుగుతున్నదేమిటి? చదువును ఒక వైపు, చేతిపనిని మరో వైపు పెట్టి, రెంటికీ మధ్య గోడ కట్టేశాము. లెక్కలు రాని కుర్రవాణ్ణి "వీడికి చదువు అబ్బదు, ఏదైనా పనిలో పెట్టేద్దాం" అంటాము. లెక్కలు బాగా వచ్చిన పిల్లవాడేమో చేతిలో సుత్తి పట్టుకోవడం నామోషీ అనుకుంటాడు. వెయ్యేళ్ళ క్రితం బగ్దాద్ నగరంలో మాత్రం పరిస్థితి ఇలా లేదు. ఆ కాలపు ఒక గొప్ప గణిత పండితుడు పనివారితో కలిసి కూర్చుని, వారి ప్రశ్నలు విని, వారి కోసమే ఒక గ్రంథం రాశాడు. దాని నుండి మనం నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

పండితులు, పనివారు ఒకే సభలో

ఆ పండితుని పేరు అబుల్ వఫా అల్ బూజ్‌జానీ. ఆయన హిజ్రీ 328 (క్రీ.శ. 940)లో ఖురాసాన్ ప్రాంతంలోని బూజ్‌జాన్ అనే ఊరిలో జన్మించాడు. ఈ ప్రాంతం నేటి ఇరాన్‌లో ఉంది. ఇరవై ఏళ్ళ ప్రాయంలోపే బగ్దాద్ చేరుకుని, 998లో మరణించే వరకు అక్కడే జీవించాడు. ఖగోళశాస్త్రంలోనూ, త్రికోణమితిలోనూ ఆయన చేసిన కృషి సుప్రసిద్ధం. అలాంటివాడు గుమాస్తాలకు, ఉద్యోగులకు అవసరమైన లెక్కలపై ఒక పుస్తకం, చేతిపనివారికి అవసరమైన రేఖాగణితంపై మరో పుస్తకం రాశాడు.

రెండవ పుస్తకం స్కేలు, వృత్తలేఖిని, మూలమట్టం అనే మూడు పనిముట్లతో మొదలవుతుంది. మన తాపీ మేస్త్రీల చేతుల్లో ఇప్పటికీ కనిపించే మూలమట్టమే అది. ఆ తర్వాత త్రిభుజాలు, చతురస్రాలు, పంచభుజులు, అష్టభుజులు గీయడం, ఒక ఆకారాన్ని ముక్కలుగా కోసి మరో ఆకారంగా మార్చడం ఒక్కొక్కటిగా వివరించాడు. వృత్తలేఖినిని ఒకే వెడల్పులో బిగించి ఉంచి, దాన్ని మార్చకుండానే గీసే పద్ధతులు కూడా చెప్పాడు.

పండితులు, పనివారు కలిసి కూర్చున్న కొన్ని సభల్లో తానూ పాల్గొన్నానని అబుల్ వఫా అందులో రాశాడు. అలాంటి ఒక సభలో వచ్చిన ప్రశ్న ఇది: మూడు సమాన చతురస్రాలను కలిపి ఒకే పెద్ద చతురస్రంగా చేయడం ఎలా?

పండితులకు ఇది చాలా సులభం. పెద్ద చతురస్రపు భుజం ఎంత ఉండాలో గీత గీసి చూపించేశారు. దానికి రుజువూ ఉంది. కాని పనివారు తృప్తి చెందలేదు. "గీత మాకెందుకు? మా చేతిలో ఉన్నవి మూడు పలకలు. వాటిని ఎక్కడ కోయాలి, ముక్కల్ని ఎలా అతకాలి?" అన్నది వారి ప్రశ్న. వారి దగ్గర కొన్ని కోత పద్ధతులు ఉండేవి కూడా. అయితే అబుల్ వఫా పరిశీలిస్తే, వాటిలో కొన్ని కంటికి సరిగ్గా కనిపిస్తున్నా నిజానికి తప్పని తేలింది.

కంటిని మోసగించే తప్పు ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక్కో పలక భుజం 10 అంగుళాలు అనుకుందాం. మూడు పలకల వైశాల్యం 300 చదరపు అంగుళాలు. కాబట్టి పెద్ద చతురస్రపు భుజం దాదాపు 17.32 అంగుళాలు ఉండాలి. ఎవరైనా భుజానికి సగం కర్ణం కలిపితే సరిపోతుందనుకుంటే 17.07 అంగుళాలు వస్తుంది. తేడా పావు అంగుళమే. ఒక్క పలకలో అది కనబడదు. కాని పది పలకలను వరుసగా పేర్చేసరికి రెండున్నర అంగుళాల తేడా వస్తుంది. గోడ చివర పలక పట్టదు, లేదా సందు మిగిలిపోతుంది.

ఇరుపక్షాల్లోనూ ఉన్న లోపాన్ని అబుల్ వఫా దాచకుండా చెప్పాడు. పనివాడు కంటికి కనిపించిందే చాలనుకుంటాడు, రుజువు గురించి పట్టించుకోడు. పండితుడు రుజువు దొరికితే చాలనుకుంటాడు, కోసి అతికే కష్టం అతనికి తెలియదు. ఆయన ఎవరినీ ఎగతాళి చేయలేదు. ఇద్దరికీ సరిపోయే పరిష్కారం చూపించాడు.

ఇంట్లో చేసి చూడండి

ఆ పరిష్కారాన్ని అట్టముక్కలతో పిల్లల చేత చేయించవచ్చు. మూడు సమాన చతురస్రాలు కత్తిరించండి. వాటిలో రెండింటిని కర్ణం వెంట కోస్తే నాలుగు లంబకోణ త్రిభుజాలు వస్తాయి. మూడవ చతురస్రాన్ని కోయకుండా మధ్యలో పెట్టండి. దాని ఒక్కో భుజానికి ఒక్కో త్రిభుజపు పొడవైన అంచును బయటి వైపు నుండి ఆనించండి. ఆ అంచు ఒక కొన చతురస్రపు మూలతో కలవాలి. అంచు భుజం కంటే పొడవైనది కనుక, రెండవ కొన అవతలి మూలను దాటి బయటికి వస్తుంది. నాలుగింటినీ ఒకే దిశలో అమర్చితే గాలిమర లాంటి ఆకారం ఏర్పడుతుంది.

ఇప్పుడు నాలుగు త్రిభుజాల లంబకోణపు కొనలను వరుసగా గీతలతో కలపండి. గీతకు బయట నాలుగు చిన్న త్రిభుజాలు మిగులుతాయి. గీతకు లోపల నాలుగు ఖాళీలు ఉంటాయి. బయట మిగిలిన ముక్కలను కోసి ఖాళీల్లో పెడితే సరిగ్గా అతుకుతాయి. ఒక్క ముక్క కూడా వృథా కాలేదు, వైశాల్యం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. పనివాడు అడిగిన కోత దొరికింది. పండితుడు అడిగిన రుజువూ దొరికింది.

అందం వెనుక ఉన్న లెక్క

మస్జిదులలో ప్రాణుల బొమ్మలు ఉంచరు. కనుక అలంకరణ కోసం అందమైన లిపిని, లతలను, రేఖాగణిత ఆకారాలను ముస్లిం కళాకారులు విస్తృతంగా వాడారు. ఈ నమూనాల్లో అందం లెక్కతోనే పుడుతుంది.

నేల మీద పలకలు సందు లేకుండా పరచాలంటే, ఒక బిందువు దగ్గర కలిసే కోణాల మొత్తం 360 డిగ్రీలు ఉండాలి. షడ్భుజి కోణం 120 డిగ్రీలు. మూడు షడ్భుజులు కలిస్తే 360 అవుతుంది. తేనెపట్టు ఈ విధంగానే ఉంటుంది. అష్టభుజి కోణం 135 డిగ్రీలు. రెండు అష్టభుజులు, ఒక చతురస్రం కలిస్తే మళ్ళీ 360. కాని పంచభుజి కోణం 108 డిగ్రీలు. మూడు కలిపితే 324 మాత్రమే. ఇంకా 36 డిగ్రీల సందు మిగులుతుంది. ఎంత నైపుణ్యం ఉన్నా, కేవలం సమ పంచభుజులతో నేల నింపలేము.

ఆ కళాకారులు దీన్ని చూసి వెనుదిరగలేదు. పంచభుజికి తోడుగా దశభుజి, రాంబస్ వంటి ఇతర ఆకారాలను చేర్చి సందు పూడ్చారు. 2007లో పీటర్ లూ, పాల్ స్టైన్‌హార్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇలాంటి అయిదు ఆకారాల గురించి ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. వాటి భుజాలన్నీ సమానం, కోణాలన్నీ 36 గుణిజాలు. 1453 నాటి ఇస్ఫహాన్ దర్బె ఇమామ్ కట్టడంలో ఈ పద్ధతి ఎంతో ఉన్నతస్థాయికి చేరిందని వారు చూపించారు.

నమూనాలు తరతరాలకు అందడానికి మేస్త్రీలు చిత్తుప్రతులు కూడా తయారు చేసుకునేవారు. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ మ్యూజియంలో దాదాపు 29.5 మీటర్ల పొడవైన ఒక కాగితపు చుట్ట భద్రంగా ఉంది. అందులో 114 నమూనాలున్నాయి. సిరాతో గీసిన నమూనా కింద, మొనతో గీరిన సిరా లేని గీతలు కూడా ఉన్నాయి. చూసేవారికి అందం కనిపిస్తుంది. ఆ అందాన్ని నిలబెట్టిన గీతలు పనివాడికి కనిపిస్తాయి.

కొలత న్యాయం కోసం కూడా

సమర్‌ఖంద్‌లో పనిచేసిన గియాసుద్దీన్ జమ్‌షీద్ అల్ కాషీ 1424లో పై విలువను 16 దశాంశ స్థానాల వరకు సరిగ్గా లెక్కించాడు. ఆ పండితుడే 1427లో పూర్తిచేసిన 'మిఫ్తాహుల్ హిసాబ్' గ్రంథంలో కమానులు, గుంబజులు, ముఖర్నస్‌ల ఉపరితలాన్ని కొలిచే సులభ పద్ధతులు రాశాడు. ముఖర్నస్ అంటే ద్వారాల పైన, గుంబజుల కింద తేనెపట్టు గదుల్లా మెట్లు మెట్లుగా వేలాడే అలంకరణ. అంత చిక్కైన ఆకారంలో ఎంత పని జరిగిందో, ఎంత సామగ్రి పట్టిందో కంటి అంచనాతో చెబితే ఇంటివాడో, పనివాడో ఎవరో ఒకరు నష్టపోవలసిందే. సరైన కొలత ఇద్దరినీ కాపాడుతుంది. తూకంలో, కొలతలో తగ్గించి ఇచ్చేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు తెలుసు. ఆ హెచ్చరిక బియ్యం కొట్టుకే పరిమితం కాదు. చదరపు అడుగుల లెక్కన పనిచేసే మేస్త్రీకీ, చేయించుకునే యజమానికీ వర్తిస్తుంది.

గొప్పలు చెప్పుకోవడానికి కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ విషయాలు వినగానే "అన్నీ మనవాళ్ళే కనిపెట్టారు" అని ఛాతీ విరుచుకోవడం తగదు. రేఖాగణితానికి పునాది యూక్లిడ్ వంటి గ్రీకు పండితుల నుండి వచ్చింది. అంకెలు భారతదేశం నుండి వెళ్ళాయి. రేఖాగణిత అలంకరణ రోమన్ల కట్టడాల్లోనూ ఉండేది. ముస్లిం పండితులు వాటిని వినయంగా నేర్చుకున్నారు, నేర్చుకున్నదాన్ని పెంచారు, తిరిగి లోకానికి పంచారు. ఇస్ఫహాన్ మేస్త్రీలకు నేటి గణిత సిద్ధాంతాలన్నీ ముందే తెలుసని చెప్పడానికీ ఆధారం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే సత్యసంధత.

ఆ కళ మన ప్రాంతానికీ చేరింది. హైదరాబాద్‌లోని కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి పిల్లలను తీసుకువెళ్ళినప్పుడు ఫోటోలు దిగి వచ్చేయకండి. జాలీల ముందు నిలబెట్టి, ఇందులో ఏ ఆకారాలున్నాయి, ఏ నమూనా మళ్ళీ మళ్ళీ వస్తోంది, మొదటి గీత ఎక్కడ గీసి ఉంటారు అని అడగండి.

మనం చేయగలిగినది

ప్రయోజనకరమైన జ్ఞానం కోసం దైవప్రవక్త (స) ప్రార్థించేవారు, ప్రయోజనం లేని జ్ఞానం నుండి శరణు కోరేవారు. అబుల్ వఫా సభలో మనం చూసింది జ్ఞానాన్ని ప్రయోజనకరంగా మార్చే ప్రయత్నమే. మన ఇళ్ళలో ఎందరో తండ్రులు తాపీపని, వడ్రంగం, టైల్స్ పని, దర్జీపని చేస్తున్నారు. ఎందరో తల్లులు జరీపనితో ఇల్లు గడుపుతున్నారు. గది మూలమట్టంగా ఉందో లేదో చూడటానికి మూడు, నాలుగు, అయిదు అడుగుల కొలత పట్టే మేస్త్రీ, పదవ తరగతి పుస్తకంలోని పైథాగరస్ సిద్ధాంతాన్నే వాడుతున్నాడు. ఆ సంగతి ఆయన కొడుక్కీ, కూతురికీ చెప్పేవారెవరు? వారిని తండ్రి పని దగ్గర కూర్చోబెట్టి పాఠాన్ని, పాఠం దగ్గర కూర్చోబెట్టి తండ్రి పనిని గుర్తుచేస్తే లెక్కల భయం పోతుంది, తండ్రి పట్ల గౌరవం పెరుగుతుంది. పనిలో చేరిన కుర్రవాడికి కూడా లెక్క నేర్పడం మానకండి. కూలీగా మిగిలిపోకుండా మేస్త్రీగా ఎదగడానికి అతనికి కావలసింది అదే.

చదివినవారు పనివాడి ప్రశ్నను చిన్నచూపు చూడకూడదు. పనిచేసేవారు "కంటికి సరిపోయింది, చాలు" అనుకోకూడదు. మన చేతులకు నైపుణ్యాన్ని, మన కొలతలకు న్యాయాన్ని, మన జ్ఞానానికి ప్రయోజనాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.