వెబ్‌సైట్‌లో ధర పెట్టాలా, వద్దా? గానుగ నూనె లెక్కతో చూద్దాం

సొంతంగా వెబ్‌సైట్ చేయించుకున్న మన కర్నూలు, కడప రైతులు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, ధర పెట్టాలా, 'ఫోన్ చేయండి' అని రాస్తే చాలా?" వీడియోలో చెప్పిన విషయాన్నే ఇక్కడ లెక్కతో వివరంగా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. సైట్‌లోనే ఆర్డర్ తీసుకుని ప్యాకెట్ సరుకు అమ్ముతుంటే ధర పెట్టి తీరాలి. తూనికలు కొలతల శాఖ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం 2018 జనవరి 1 నుంచి ఎమ్మార్పీ, నికర బరువు, తయారీదారు చిరునామా లాంటి వివరాలు సైట్‌లో కూడా కనపడాలి. ఎమ్మార్పీ అంటే గరిష్ఠ ధర. దానికన్నా తక్కువకు ఇవ్వొచ్చు, ఎక్కువకు ఇవ్వకూడదు.

ఇక మన భయాలు. మొదటిది, "షాపు నూనె కన్నా మనది రెట్టింపు ఉంది, చూసి పారిపోతారు" అని. లెక్క చూడండి. బుడ్డలకు (కడప వైపు శెనక్కాయలు) 2025-26 మద్దతు ధర క్వింటాకు 7,263 రూపాయలు. క్వింటా కాయలు ఒలిస్తే సుమారు 70 కిలోల విత్తనాలు వస్తాయి. గానుగలో లీటరు నూనెకు దాదాపు రెండున్నర కిలోలు పడతాయి. అంటే 28 లీటర్లు. కాయల ఖర్చే లీటరుకు దాదాపు 260 రూపాయలు! ఇందులోంచి చెక్క అమ్మిన డబ్బు తీసేయండి. ఒలుపు కూలి, గానుగ ఖర్చు, సీసా, కారిపోయేది, మీ కష్టం కలపండి. అదే మీ ధర.

ఈ లెక్కను ధర కింద నాలుగు లైన్లలో రాయండి. ఒట్టి ధర చూస్తే ఎవరికైనా ఎక్కువే అనిపిస్తుంది. లెక్క చూసినవాళ్లకు ఆ ధర ఎందుకో అర్థమవుతుంది. మా సైట్‌లో ఇలాగే రాశాం. ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లు రేటు అడగరు, "ఈసారి నూనె ఎప్పుడు ఆడిస్తారు?" అంటారు.

రెండో భయం: పక్కవాడు చూసి పది రూపాయలు తగ్గిస్తాడు. తగ్గించనీయండి. అతని కాయలూ ఆ రేటుకే వస్తాయి. మీ ఖర్చు మీకు తెలిస్తే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. తెలియకపోతే ఇద్దరూ నష్టానికే పోటీ పడతారు.

మూడోది, రోజూ మారే ధరలు. ఇది నిజంగా కష్టమే. 2025 ఆగస్టులో కర్నూలు యార్డులో ఉల్లి పడిపోయి, ప్రభుత్వం క్వింటా 1,200కు కొంటామని చెప్పాల్సి వచ్చింది. అలాంటి పంటకు ఏడాది పొడుగునా ఒకే ధర పెట్టలేం. అందుకే మూడు రకాలుగా విడదీయండి:

1. నూనె, కొర్రబియ్యం, పసుపు పొడి: స్థిరమైన ధర. కొత్త సరుకు ఖర్చు పెరిగితే కొత్త ప్యాకింగ్‌కే కొత్త ధర. పాత ప్యాకెట్‌పై పెంచిన స్టిక్కర్ అంటించకూడదు.
2. ఉల్లి, టమాటా, పండ్లు: "ఈ వారం ధర" అని తేదీతో పెట్టండి. వారం దాటితే మార్చండి, లేదా తీసేయండి. పాత ధర ఉంటే గొడవే.
3. షాపులకు టోకు: ధర ఫోన్లో మాట్లాడుకోండి. కనీసం ఎంత తీసుకోవాలో మాత్రం సైట్‌లో రాయండి.

కొరియర్ ఖర్చు దాచొద్దు. 350 అని చూపించి చివర్లో 120 కలిపితే ఆ కస్టమర్ మళ్లీ రాడు.

మన పశువుల సంతల్లో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేస్తారు కదా. ధర దాగితే లాభపడేది మధ్యవాడే, అమ్మేవాడూ కాదు, కొనేవాడూ కాదు. ఆ మధ్యవాడిని తప్పించడానికే కదా మనం సైట్ పెట్టుకున్నది! ఈ రాత్రి ఒక్క సరుకు తీసుకుని, కాగితం మీద లెక్క వేయండి. ఖర్చు తేలాకే ధర రాయండి.