క్రిస్మస్ పండుగకు ఇంటి మిగులుతో అలంకారములు

పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం, పాలకొల్లు ప్రాంతముల గ్రామములకు పోయినచో, మధ్యాహ్నవేళ అరుగులపై క్రోషే సూదితో లేసు అల్లు స్త్రీలు కనిపింతురు. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీ కుటుంబముల ద్వారా ఇచ్చట నాటుకొన్న ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ లేసు సముద్రములు దాటి పరదేశముల భోజనపు బల్లలకు అలంకారమగుచున్నది. అది అల్లిన చేతులే డిసెంబరు రాగానే ప్లాస్టిక్ నక్షత్రములకు, మెరుపు దండలకు అంగడిలో రొక్కము చెల్లించుట మాకు వింతగా తోచును. ఇంట మిగిలిన నూలు, కాగితము, వెదురు బద్దలు పండుగకు చాలును.

అయితే వర్తకుడు తూచి ఇచ్చిన నూలును దీనికి వాడరాదు. అది లెక్క అప్పగింపవలసిన సొత్తు. స్వంతమునకు కొన్న ఉండలలో మిగిలిన కొసలతోనే పని జరుపుకొనవలెను.

కొంచెము పొడవైన కొసలతో అరచేతిలో ఇముడునంత నక్షత్రములు అల్లి, చిక్కని గంజిలో ముంచి, పలకపై గుండుసూదులతో కొనలు లాగి నీడన ఆరబెట్టిన బిరుసెక్కును. సూదులు తుప్పు పట్టినవైనచో తెల్లని నూలుపై మరక తప్పదు. అల్లుటకు చాలని ముక్కలను ముడివేసి, మైదా జిగురులో తడిపి, ఊదిన చిన్న బూర చుట్టును అడ్డదిడ్డముగా చుట్టవలెను. బాగుగా ఆరిన పిమ్మట బూరను గుచ్చి తీసివేసినచో నూలు బంతి నిలుచును. వీనిని తీరగ్రామములలో సులభముగా లభించు సరుగుడు కొమ్మకు వ్రేలాడదీయవచ్చును.

ఇక జ్ఞానులకు త్రోవ చూపిన తారకు గుర్తుగా ఇంటిముందు కట్టు పెద్ద నక్షత్రము. దీనికి రెండడుగుల వెదురు బద్దలు పది, నాలుగంగుళముల పుల్లలు ఐదు కావలెను. ఐదు బద్దలతో ఐదు కొనల చట్రమొకటి, తక్కిన ఐదింటితో అట్టిదే మరియొకటి కట్టవలెను. బద్దల పొడవు కొలిచి కోయుటలోనే నేర్పున్నది. ఒక్కటి పొట్టిదైనను రెండు చట్రముల కొనలు కలియవు. చట్రములను ఒకదానిపై నొకటి ఉంచి కొనలను దారముతో బిగించి, లోపల బద్దలు ఒకదానినొకటి దాటు ఐదు చోట్ల రెండు చట్రముల నడుమ పుల్లలు నిలిపి కట్టినచో నక్షత్రము నిండుగా ఉబ్బును. సంక్రాంతి గాలిపటములకు తెచ్చి మిగిల్చిన కాగితము దీనికి మిక్కిలి తగినది. వెనుకవైపు ఒక రెక్కను అంటింపక విడిచిపెట్టవలెను; దీపము అమర్చుట ఆ దారినే. పురుగు పట్టకుండ జిగురులో మైలుతుత్తము కలుపు అలవాటు కొందరికి గలదు. అది విషము, పిల్లలు కూర్చుండి పనిచేయుచోట కలుపరాదు.

దీపము విషయమున మేము గట్టిగానే చెప్పవలసియున్నది. కాగితపు నక్షత్రములో క్రొవ్వొత్తిగాని ప్రమిదగాని ఉంచరాదు. గాలికి నక్షత్రము ఊగును, కాగితము అంటుకొనును, పైన తాటాకు చూరున్నచో ఇల్లు నిలువదు. ప్రక్క ఇండ్లకును ముప్పే. చిన్న ఎల్‌.ఇ.డి. బల్బు చాలును. దానిని కాగితమునకు తగులకుండ పుల్లలకు కట్టి, తీగ అతుకులన్నిటికి టేపు చుట్టవలెను. రాత్రి పరుండబోవు ముందు ఆర్పవలెను. ఎండిన సరుగుడు కొమ్మకూడ నిప్పునకు త్వరగా లోబడును, కావున దానిని పొయ్యికి దూరముగా నిలుపుడు.

డిసెంబరు మంచుకు జిగురు వదలును, గంజి మెత్తబడును. చూరు క్రిందనే కట్టుట మేలు. పండుగ దాటినపిమ్మట నూలు నక్షత్రములను నీట నానబెట్టి గంజి పోవునట్లు ఉతికి ఆరబెట్టి దాచవలెను. గంజితోనే దాచినచో ఎలుకలు, బొద్దింకలు మిగులనియ్యవు. పెద్ద నక్షత్రమునకు కాగితము ఒలిచివేసి చట్రమును అటకపై పెట్టుకొనిన, మరుసటి ఏడు కాగితము మాత్రమే వెదకుకొనవలసియుండును.